నలభై ఏడో పనిముట్టు

ఆ హ్యాంగర్‌లో విమానాన్ని విప్పడం తేలిక, బిగించడం కొంచెం కష్టం, పెద్దసారు చేత సంతకం పెట్టించుకోవడం మాత్రం పులి చేత పచ్చగడ్డి మేయించినంత పని.

ఆయనకి ఇంజనీరు లైసెన్సు వచ్చి ఇరవై ఆరేళ్లు. ఆయన సంతకం పడితేనే విమానం గాల్లోకి లేస్తుంది. పడకపోతే అది రెక్కలున్న రేకుల షెడ్డు. కింద పనిచేసే మెకానిక్కులు తమకీ అలాంటి లైసెన్సు కావాలనుకుంటే చేసిన ప్రతి పనినీ లాగ్‌బుక్‌లో రాసుకోవాలి, ఆయన చూసి సంతకం చెయ్యాలి. ఆ సంతకాలు సరిపడా పోగైతేనే ఆఖరి మెట్టయిన ఎదురెదురు పరీక్షకి, అంటే అధికారి ముందు కూర్చుని నోటితో జవాబులు చెప్పేదానికి, పిలుపొస్తుంది. పెద్దసారు కళ్లారా చూడనిదానికి సంతకం పెట్టరు. చూసినదానికి కూడా "బాగుంది, ఇప్పుడు విప్పి మళ్లీ బిగించు" అంటారు. ఆ మాట ఆయన ఎంత మెల్లగా అంటే వినేవాళ్లకి అంత మండుతుంది.

ఆ మండేవాళ్లలో ఒకమ్మాయి ఉంది. ఆమెని అందరూ పిట్ట అనేవారు. మనిషి చిన్నది. రెక్కలోనో తోకలోనో ఎవరి భుజాలూ పట్టని సందు ఎదురైతే "పిట్టని పిలవండి" అనేవారు, ఆమె టార్చి నోట కరుచుకుని దూరిపోయేది. పిట్ట కొంచెం కూత ఘనం అని ఊరికే అనలేదు పెద్దలు. పదమూడు రాతపరీక్షలూ ఒక్క దెబ్బకి ఒక్కోటి చొప్పున గెలిచేసింది. మిగిలిందల్లా లాగ్‌బుక్‌లో సంతకం పడాల్సిన ఎనిమిది పేజీలు, ఆ తర్వాత ఎదురెదురు పరీక్ష.

తెలివికేం కొదవలేదు. కొదవల్లా కుదురుకే. చేతులు ఖాళీగా ఉంటే ఆమె బుర్రలో పురుగు తొలిచేది. ఒకసారి షిఫ్టులో అందరి ఓవరాళ్లూ ఉతికించుకొస్తానని ఇంటికి పట్టుకెళ్లింది. పిన్ని మిషన్ మీద ఒక్కో ఓవరాల్‌కి ఎడమకాలు అడుగున సన్నని కుట్టు వేసి తెచ్చింది. మర్నాడు ఉదయం బట్టలు మార్చుకునే గదిలో పదకొండుమంది మగాళ్లు ఒంటికాలి మీద గెంతారు. పెద్దసారు పన్నెండోవాడు. ఆయన గెంతలేదు. బెంచీ మీద కూర్చుని, జేబులోంచి చిన్న కత్తెర తీసి, కుట్టు ఒక్కో పోగూ విప్పుకుని, ఏమీ జరగనట్టు పనిలోకి వెళ్లారు. ఆ రోజు పిట్ట చేత ఒకే చక్రాన్ని నాలుగుసార్లు విప్పించి బిగించారు. సంతకం అయిదోసారికి పెట్టారు.

అప్పట్నించీ పిట్టకి ఒకటే పట్టుదల. ఆయన చేత ఒక్కసారైనా "ఇదేంటి" అనిపించాలి.

పిన్ని ఇల్లంటే ముందుగదిలో కుట్టుమిషన్, వెనక రెండు గదులు. ఒక ఆదివారం పిట్ట అట్టముక్క మీద ఏదో గీసి పిన్ని పెద్ద కత్తెరతో కోస్తోంది. కొంగముక్కులాంటి మూతి, నడుములో పాములాంటి వంకర, చివర రెండు ఉంగరాలు.

"ఏమే, ఇదేం కాలరు? ఏ మెడకి?" అంది పిన్ని, నోట్లో గుండుసూదులు తియ్యకుండానే.

"కాలరు కాదు పిన్నీ. మా పెద్దసారుకి కానుక."

"నీ కానుకలు నాకు తెలీవూ. మొన్న నా మిషన్ మీద ఆ పాపపు పని చేసుకెళ్లావు. ఆ కత్తెర బట్టలది. అట్టలు కోస్తే మొద్దుబారుతుంది. ఆ మనిషి నిన్ను తిడితే నా పేరెత్తకు."

హ్యాంగర్‌లో పనిముట్లకి ఒక ఎర్రబోర్డు ఉంది. ప్రతి పనిముట్టు వెనకా దాని ఆకారం తెల్లరంగుతో వేసి ఉంటుంది. దాన్ని నీడ అనేవారు. పనిముట్టు తీస్తే నీడ బయటపడుతుంది. షిఫ్టు అయ్యేసరికి ఒక్క నీడ కూడా ఒంటరిగా కనబడకూడదు. కనబడిందంటే ఆ పనిముట్టు ఎక్కడో విమానంలో మిగిలిపోయిందేమోనని అర్థం, అది దొరికేదాకా విమానం కదలదు. నలభై ఆరు పనిముట్లు, నలభై ఆరు నీడలు. నాలుగేళ్ల కిందట ఆ బోర్డు పెట్టించింది పెద్దసారే.

సోమవారం అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు పిట్ట ఆకలి లేదంది. బోర్డు కింది మూల ఖాళీగా ఉంది. అట్టని అక్కడ ఆనించి, స్పాంజితో తెల్లరంగు అద్ది, పక్కవాటిలా పాతగా కనబడేందుకు వేలితో కొంచెం దుమ్ము పులిమింది. నలభై ఏడో నీడ తయారైంది. దాని పనిముట్టు ఈ లోకంలో ఇంకా పుట్టలేదు.

ఆమె లెక్క ప్రకారం ఇది పావుగంట ఆట. పెద్దసారు లెక్కచూస్తారు, నీడ కనబడుతుంది, తెల్లబోతారు, జాబితా తీస్తారు, జాబితాలో లేదని తెలుస్తుంది, అందరూ నవ్వుతారు. ఆయన ఓ చక్రం విప్పిస్తారు. దానికి సిద్ధపడే ఉంది.

మూడింటికి పెద్దసారు బోర్డు ముందుకొచ్చారు. పైనుంచి కిందికి చూపుతూ వచ్చి, కింది మూల దగ్గర ఆగారు. వంగారు. వేలితో ఆ నీడ అంచు తడిమారు. నిలబడ్డారు. కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నారు.

"ఇది ఎక్కడ?" అన్నారు.

ఇదేంటి అనలేదు. ఎక్కడ అన్నారు. పిట్టకి అక్కడే కొంచెం తేడా కొట్టింది.

మొదట లంబూ ముందుకొచ్చాడు. అతను పిట్టతో పాటే చేరిన మెకానిక్కు, మనిషి నిచ్చెనంత ఎత్తు. "మొన్న వాడాను సార్. తుడిచి ఉన్నచోటే పెట్టేశాను. నా తర్వాత ఎవరు తీశారో నాకు తెలీదు" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు.

స్టోరు చూసే ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "బరువైన సరుకు సార్ అది. జాగ్రత్తగా వాడండి బాబూ అని చెబుతూనే ఉన్నాను, వింటేగా."

వైర్ల పని చూసే ఆయన మరో అడుగు వేశాడు. "దాని రెండో ఉంగరం వదులైంది. నేను అప్పుడే చెప్పాను."

ముందు వరసలో రంగులేసే ఆయన మిగిలాడు. పక్కవాళ్లు ముగ్గురూ ఏదో ఒకటి చెప్పాక తానొక్కడే ఊరుకుంటే తనమీదికొస్తుందనుకున్నాడేమో, "పొద్దున కూడా చూశాను" అన్నాడు.

పిట్టకి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. పళ్లు బిగపట్టి నేలకేసి చూసింది. ఇంత పంట పండుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. అసలు చెప్పాల్సింది అప్పుడే. కానీ, ఇంకో నిమిషం చూద్దాం అనుకుంది. పొగ పెట్టినవాళ్లకి మంట చూడాలనిపించడం సహజం.

"జాబితాలో నలభై ఆరే ఉన్నాయి" అన్నారు పెద్దసారు కాగితం తిప్పుతూ.

"పోయిన నెల జాబితా మళ్లీ రాసినప్పుడు రెండు వదిలేసి తర్వాత చేర్చాను సార్" అన్నాడు స్టోరాయన, తప్పు ఒప్పుకుంటున్న మనిషికుండే వినయంతో. "ఇది మూడోదయ్యుంటుంది."

ఆ మాటతో పిట్ట ఆట కాస్తా చేతుల్లోంచి జారిపోయింది. మేనేజరుకి కబురెళ్లింది. ఆయన మెట్లు దిగొచ్చి నీడ ముందు నిలబడి, "దీన్ని ఏమంటారు?" అని అడిగాడు.

చివరికి స్టోరాయనే, "మేం మామూలుగా 'అది' అంటాం సార్" అన్నాడు.

మేనేజరు తలూపాడు. తనకి తెలీదని తెలిసిపోతుందేమోనని ఆయన భయం ఆయనది. "అది దొరికేదాకా ఎవరూ ఇంటికి వెళ్లొద్దు" అని చెప్పి పైకెళ్లిపోయాడు.

హ్యాంగర్ మధ్యలో రెండు ప్రొపెల్లర్ల విమానం ఒకటి పెద్ద తనిఖీ కోసం మూడు రోజులుగా విప్పి ఉంది. దాని పొట్ట మూతలూ తోక మూతలూ తీసే ఉన్నాయి. వెతుకులాట మొదలైంది. లంబూ సీట్లు ఎత్తి చూశాడు. వైర్లాయన రెక్కల్లోకి టార్చి కొట్టాడు. రంగులాయన చెత్తడబ్బాలు కుమ్మరించాడు. పిట్ట కూడా వెతికింది. ఏం వెతకాలో తెలీకుండా వెతకడం ఒక బాధ, ఏమీ లేదని తెలిసి వెతకడం ఇంకో బాధ. గంట గడిచేసరికి ఆమెలో నవ్వంతా ఇంకిపోయి కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. ఇప్పుడు చెబితే పావుగంట ఆట కాదిది. పదిమంది పని, మేనేజరు కోపం, నలుగురి పరువు. ముఖ్యంగా ఆ నలుగురి పరువు. "పొద్దున కూడా చూశాను" అన్నవాడి మొహం ఎలా చూడాలి?

పెద్దసారు మాత్రం ఎక్కడా తడబడలేదు. కుడిచెయ్యి జేబులోనే ఉంచి, ఎడమచేత్తో అటూ ఇటూ చూపిస్తూ పని పురమాయిస్తున్నారు.

"పిట్టా" అన్నారు. "తోకలోకి వెళ్లు. చివరిదాకా. కొంగముక్కు కదా, ఏదో ఓ సందులో పొడుచుకుని ఉంటుంది."

తోక లోపలి దారి చివరికి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఆమె వెల్లకిలా పడుకుని మోచేతులతో తోసుకుంటూ వెళ్లింది. పైన తీగల్లాంటి ఉక్కు తాళ్లు వరసగా సాగుతున్నాయి. పైలెట్ చేతిలోని కర్ర లాగితే తోక రెక్క పైకీ కిందికీ కదిలేది వాటివల్లే. చివర అవి ఒక కప్పీ మీదుగా తిరుగుతాయి. అక్కడికెళ్లి ఆగింది. వందదాకా లెక్కపెట్టి, బయటికెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పేద్దామనుకుంది. లెక్కపెట్టడం మొదలుపెట్టింది కూడా.

ముప్పయ్యో ముప్పయి రెండో దగ్గర, ఊరికే ఉండలేక టార్చి చుట్టూ తిప్పింది. కప్పీ వెనక మూలలోంచి ఒక కన్ను ఆమెకేసి చూసింది.

తల వంచి మళ్లీ చూసింది. అది ఆమె కన్నే. మూలలో, పాత గ్రీజులో సగం కూరుకుపోయి, నాణెమంత గుండ్రటి అద్దం ఉంది. సన్నని పుల్ల చివర బిగించిన అద్దం, కంటికి అందని మూలలు చూడ్డానికి మెకానిక్కులు వాడేది. ఆ మూల ఎలాంటిదంటే, అలాంటి అద్దం ఉంటే తప్ప ఎవరికీ కనబడదు. ఆ అద్దమే అక్కడ పడి ఉంది. కప్పీకి దానికి మధ్య రెండు వేళ్ల ఎడం. ఇంకొంచెం జరిగి తాడుకీ కప్పీకీ మధ్య ఇరుక్కుని ఉంటే ఏమయ్యేదో పదమూడు పరీక్షలు రాసిన పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

వేళ్లు చాచి మెల్లగా లాగింది. గ్రీజు తుడిచింది. పుల్ల మీద చిన్న గుర్తు చెక్కి ఉంది. ఒక త్రిభుజం, దాని మధ్య చుక్క. ఆ గుర్తు హ్యాంగర్‌లో అందరికీ తెలుసు. పెద్దసారు సొంత పనిముట్లన్నిటి మీదా అదే.

పిట్ట అలా పడుకునే ఉండిపోయింది. అబద్ధమాడ్డం ఎందుకు, ఆ కాసేపట్లో ఆమె మనసు చాలా దూరాలు తిరిగొచ్చింది. దీన్ని పట్టుకెళ్లి అందరి ముందూ ఎత్తి చూపిస్తే ఇక నలభై ఏడోదాని ఊసు ఎవరెత్తుతారు? ఆమె అల్లరి తుడిచిపెట్టుకుపోతుంది. జేబులో వేసుకుంటే అంతకన్నా బాగు. విమానానికి ఏ ప్రమాదమూ లేదు, పీడ బయటికొచ్చేసింది. తీరిగ్గా ఓ రోజు లాగ్‌బుక్ ఆయన ముందు పెట్టి, పక్కనే ఈ అద్దం పెట్టి, ఏమీ మాట్లాడకుండా నిలబడితే చాలు. ఎనిమిది పేజీలు ఎనిమిది నిమిషాలు.

తర్వాత కప్పీకేసి చూసింది. ఆ రెండు వేళ్ల ఎడం చూసింది. పాకుతూ వెనక్కొచ్చి, మూతలోంచి తల బయటపెట్టింది.

"సార్. మీరొక్కరే రండి."

ఆయన నిచ్చెనెక్కి వచ్చారు. ఆమె అరచెయ్యి చాపింది. ఆయన అద్దాన్ని చూశారు. ఆయన మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది.

"ఎక్కడ?"

"చివరి కప్పీ వెనక. రెండు వేళ్ల దూరంలో."

"నాలుగేళ్లయింది" అన్నారాయన. "ఈ విమానమే. ఇంటికెళ్లాక పెట్టెలో లేదని చూసుకున్నాను. మర్నాడొచ్చి రెండు రోజులు వెతికాను. దొరకలేదు. బస్సులో పోయుంటుందనుకున్నాను." అద్దాన్ని తన చేతిలోకి తీసుకుని, "అనుకున్నాను. చూడలేదు. అనుకుని సంతకం పెట్టాను" అన్నారు.

ఆ గొంతు వినగానే పిట్టకి ఎర్రబోర్డు ఎందుకు పుట్టిందో అర్థమైంది. ఆగలేకపోయింది.

"సార్, ఆ నలభై ఏడోది..."

"లేదు. తెలుసు."

ఆయన కుడిచెయ్యి జేబులోంచి తీశారు. బొటనవేలి మీద తెల్లరంగు మరక.

"మూడింటికే తెలుసు. ఇంకా తడిగా ఉంది. ఈ షిఫ్టులో భోజనం మానేసి బొమ్మలేసే మనిషి ఒక్కతే."

"మరి వెతికించారేం?"

"విమానం రేపు ఉదయంగాని వెళ్లదు. నలుగురు పెద్దమనుషులు లేనిదాన్ని చూశామన్నారు, వాళ్లకీ బుద్ధి రావాలి. నువ్వు ఆ తోకలో ఎంతసేపు పడుకుని చెమటోడుస్తావో చూద్దామనుకున్నాను." ఆయన మళ్లీ అద్దంకేసి చూశారు. "ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. ఇక్కడ ఇద్దరం తవ్వాం, ఇద్దరం పడ్డాం. దిగు. కాగితం, కలం తీసుకురా. రెండు."

ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కన కూర్చుని రెండు రిపోర్టులు రాశారు. పిట్టది రెండు పేజీలు, అందులో ఒకటిన్నర సంజాయిషీ. ఆయన మధ్యలో తొంగిచూసి, "నీకెందుకు అనిపించిందో ఎవరికీ అక్కర్లేదు. ఏం చేశావో రాయి" అన్నారు. ఆయనది అయిదు వాక్యాలు. ఆఖరి వాక్యం, "సంతకం నాదే."

అద్దం సంగతి విన్నప్పుడు అందరూ ఆ తోకకేసి చూశారు. నీడ సంగతి విన్నప్పుడు ఎవరి బూట్లకేసి వాళ్లు చూసుకున్నారు. లంబూ చెవులు ఎర్రబడ్డాయి. స్టోరాయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. రంగులాయన మాత్రం, "అయితే పొద్దున నేను చూసిందేంటి?" అని నిజంగానే అడిగాడు.

మేనేజరు పిట్టకి వేసిన శిక్ష ఆరువారాల పాటు ఉదయం, సాయంత్రం హ్యాంగర్‌లోని బోర్డులన్నీ లెక్కచూడ్డం, ప్రతి పనిముట్టూ చేత్తో పట్టుకుని పేరు గట్టిగా చదవడం. పెద్దసారు విషయం పైవాళ్ల దాకా వెళ్లింది. విచారణ తేలేదాకా ఆయన సంతకం చెల్లదన్నారు. ఆయన్ని కాగితాల గదిలో కూర్చోబెట్టారు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఆయన చేతులకి గ్రీజు లేకుండా ఇంటికెళ్లారు.

పులి మీద పుట్రలా ఆ రిపోర్టులు కాస్తా పిట్ట మెడకే చుట్టుకున్నాయి. సంతకం పెట్టే మనిషి పోయాక ఎనిమిది పేజీలూ అలాగే ఉండిపోయాయి.

ఆయన స్థానంలో పక్క హ్యాంగర్ నుంచి ఒకాయన వచ్చాడు. అందరూ ఆయన్ని జెట్టు సారు అనేవారు. సంతకం అంత జోరు. మంచివాడు, నవ్వుమొహం, ఎవరినీ నొప్పించడు. ఓ రోజు టీ తాగుతూ పిట్ట లాగ్‌బుక్ చూశాడు.

"ఎనిమిది పేజీలేగా. ఇలా ఇవ్వమ్మా. టీ చల్లారేలోగా అయిపోతుంది."

"ఈ పనులప్పుడు మీరు లేరు కదా సార్."

"నువ్వు చేశావా లేదా?"

"చేశాను."

"నీ మొహం చూస్తే తెలుస్తోంది, చేశావని. ఇంకేం కావాలి?"

పిట్ట చెయ్యి లాగ్‌బుక్ మీదికి వెళ్లింది. నిజం చెప్పాలంటే సగందాకా జరిపింది కూడా. "మొహం చూసి సంతకం పెడితే..." అని ఏదో అనబోయి, మనిషిని నొప్పించడం ఇష్టంలేక, "నా మొహం అంత నమ్మదగింది కాదు సార్. కావాలంటే లంబూని అడగండి" అని పుస్తకం వెనక్కి తీసుకుంది. జెట్టు సారు పడిపడి నవ్వాడు. అతనికి చివరిదాకా అది జోకే.

ఇంటికెళ్లి పిన్నితో చెప్పింది. పిన్ని మిషన్ ఆపకుండానే విని, "చేతికొచ్చినదాన్ని వదిలేశావా? పిచ్చిమొహమా" అంది. ఇంకో గజం కుట్టాక, "అయినా కొలత తీసుకోకుండా ఒంటికేసి చూసి కుట్టే టైలర్లు నాకూ తెలుసులే. వాళ్లవి పండగనాడే పిగులుతాయి" అంది. ఆ తర్వాత కొత్త కత్తెర కొనిపెట్టమంది.

తొమ్మిది వారాలకి విచారణ తేలింది. తప్పు తప్పేనన్నారు, తనకు తానే చెప్పుకున్నందుకు లైసెన్సు తిరిగిచ్చారు. పెద్దసారు ఉదయాన్నే వచ్చి ఓవరాల్ వేసుకున్నారు. వేసుకునే ముందు రెండు కాళ్లలోకీ చెయ్యి పెట్టి చూసుకున్నారు. పిట్ట దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని, ఈసారి తానేం చెయ్యలేదన్నట్టు నిలబడింది.

"ఎన్ని పేజీలు?"

"ఎనిమిది సార్."

"జెట్టు సారు పెడతానన్నాడటగా."

"అన్నారు."

ఆ ఎనిమిది పేజీలూ పూర్తవడానికి అయిదు నెలలు పట్టింది. ఒక్క పేజీ కూడా ఆయన తగ్గించలేదు, ఒక్క పని కూడా రెండోసారి విప్పించకుండా వదల్లేదు. మారిందల్లా ఒకటే. విప్పించేటప్పుడు ఇప్పుడాయన కూడా పక్కన కూర్చుని రెంచి అందించేవారు.

ఎదురెదురు పరీక్ష ఒక పెద్ద ఆఫీసులో, మూడో అంతస్తులో. పరీక్షాధికారిది నెరిసిన గడ్డం, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆయన ముందు పిట్ట ఫైలు ఉంది. రెండు గంటలు అడిగాడు. ఇంజన్లు, చక్రాలు, మంచు, పిడుగులు. ఆమె చెబుతూ పోయింది. ఆయన ఫైలు తిరగేస్తూ ఒక కాగితం దగ్గర ఆగాడు. పిట్టకి ఆ కాగితం తలకిందులుగా కూడా గుర్తే. తన రెండు పేజీలు.

"ఈ పనిముట్టు బొమ్మ గీసి చూపించండి" అన్నాడు.

గీసింది. కొంగముక్కు, పాము వంకర, రెండు ఉంగరాలు. చెవులు కాలిపోతున్నాయి.

"దీని ఉపయోగం?"

"ఏమీ లేదు సార్."

"చూశామన్నవాళ్లు ఎంతమంది?"

"నలుగురు."

"ఎందుకన్నారంటారు?"

పిట్ట ఆలోచించింది. లంబూని కాపాడాలనిపించింది, కానీ అబద్ధం చెప్పాలనిపించలేదు. "తెలీదు అనడానికి భయం సార్. ఒకరన్నాక రెండోవారికి ఇంకా భయం. వాళ్లు చెడ్డవాళ్లు కారు. నేనూ అంతే. నాది అని చెప్పడానికి భయమేసే తోకలోకి దూరాను."

ఆయన ఏం రాసుకున్నాడో కనబడలేదు. తల ఎత్తకుండానే ఇంకో ప్రశ్న వేశాడు. ఒక అరుదైన రకం విమానంలో, తోక తాడు బిగుతు చలికాలంలో ఎంత ఉండాలి అని. పిట్ట ఆ విమానాన్ని ఫోటోలో చూసింది, అంతే. నాలుక చివరిదాకా ఒక అంకె వచ్చింది. దగ్గరదగ్గరగా సరిపోయే అంకే.

"తెలీదు సార్" అంది. "మాన్యువల్ తీసి చూడాలి."

"చూసేదాకా?"

"విమానం కదలదు."

"నాకూ తెలీదు" అన్నాడాయన ఫైలు మూస్తూ. "నేనూ చూడాల్సిందే. వెళ్లొచ్చు."

మూడు వారాలకి లైసెన్సు వచ్చింది. అరచేతిలో పట్టేంత చిన్న పుస్తకం. అందులో ఫోటోలో పిట్ట, దొంగతనంలో దొరికిన మనిషిలా ఉంది. పిన్ని దాన్ని తిప్పితిప్పి చూసి, "ఇంత చదివి ఇంత చిన్నదా ఇచ్చారు?" అంది. అయినా వీధిలో ఎనిమిది ఇళ్లకి చూపించొచ్చింది.

పిట్ట లైసెన్సుతో మొదటి సంతకం పెట్టాల్సిన రోజు సాయంత్రం, ఆ రెండు ప్రొపెల్లర్ల విమానానికే ల్యాండింగ్ లైటు మార్చారు. మార్చింది లంబూ. ఆమె నిచ్చెనెక్కి చూసింది, స్క్రూలు ఒక్కోటీ చేత్తో తడిమింది, లైటు వేయించింది, ఆర్పించింది, మళ్లీ వేయించింది. బోర్డు దగ్గరకెళ్లి లెక్కచూసుకుంది. లంబూ విసుక్కుంటూ అడుగులు లెక్కపెట్టుకుంటున్నాడు. పైలెట్ రెక్క కింద నిలబడి గడియారం చూసుకుంటోంది.

రికార్డు పుస్తకం తెరిచారు. వారం రోజులుగా పిట్ట ఇంట్లో పిన్ని బిల్లు పుస్తకాల వెనక సంతకం సాధన చేస్తోంది. మొదట ఒక పెద్ద చుట్టు, మధ్యలో విమానం ఎగిరినట్టు ఒక గీత, చివర రెండు సున్నాలు. తీరా చూస్తే సంతకం పెట్టాల్సిన గడి గోరంత ఉంది. సాధన చేసిన చెయ్యి ఆగలేదు. చుట్టు పై గడిలోకి వెళ్లింది, గీత అంచు దాటింది, సున్నాలు రెండూ దొర్లుకుంటూ పోయి పైలెట్ సంతకం చెయ్యాల్సిన గడిలో కూర్చున్నాయి.

పైలెట్ పుస్తకం అందుకుని కాసేపు చూసింది.

"విమానం మీరే నడుపుతారా, నన్ను నడపమంటారా?" అంది.

లంబూ నిచ్చెన వెనక్కి వెళ్లి నవ్వుకున్నాడు. పెద్దసారు అటువైపు ఇంజను దగ్గర ఏదో తుడుస్తున్నారు, తల తిప్పలేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. పిట్ట ఎర్రబడిన మొహంతో సున్నాల పక్కన కాస్త ఖాళీ చూపించి, "ఇక్కడ పడుతుందండీ మీది. కొంచెం సర్దుకోండి" అంది.